మధ్య పేరా

"ఈ సంతకం నీదేనా?"

"నాదేనండి."

"బెదిరించి పెట్టించారా?"

"నేదండి. కుర్చీ యేసి కూకోబెట్టారు. టీ కూడా ఇచ్చారు."

డిటెక్టివుగా నా కేసు అక్కడే సగం చచ్చింది. కొట్టారనో, తిట్టారనో, తెల్లకాగితం మీద పెట్టించుకున్నారనో ఒక్క మాట దొరుకుతుందేమోనని పొద్దున్నే బస్సులో నిలబడి నియామక బోర్డు ఆఫీసుకి వచ్చాను. ఈ పిల్ల చూస్తే టీ ఇచ్చారంటోంది.

పిల్ల పేరు గౌరీశ్వరి. తగరపువలస అవతల ఓ పల్లెలో రైతుల బిడ్డ. అన్న తవిటయ్య కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డరు. కూర్మన్నపాలెంలో ఒక గది తీసుకుని, చెల్లెల్ని దగ్గర పెట్టుకుని పరీక్షలకి చదివిస్తున్నాడు. ఆ వేళ పని మానేసి బయట బల్ల మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, చెప్పులు విడిచి మరీ నమస్కారం పెట్టాడు. నాకు చిరాకు వేసింది. నన్నంత నమ్మితే నాకు భయం.

జరిగింది ఇదీ. మొన్న ఆదివారం బోర్డు వారి గుమస్తా ఉద్యోగాల పరీక్ష. హాల్లో ఓ కుర్రాడి చొక్కా జేబులోంచి సైక్లోస్టైల్ కాగితం పడింది. అందులో ఇంగ్లీషు ప్యాసేజీ, కింద ప్రశ్నలు. ప్రశ్నపత్రంలో ఉన్నవే, కామా ఫుల్‌స్టాపుతో సహా. ఇంగ్లీషు పేపరు రద్దు చేశారు. వచ్చే ఆదివారం మళ్ళీ పెడుతున్నారు. ఆ కాగితం దొండపర్తిలో అచ్యుతరామయ్యగారి ట్యుటోరియల్‌లో ఉన్న, కాపీలు తీసే మెషీను మీద తీసిందని తేలింది. ఆ మెషీను తిప్పేది గౌరీశ్వరి. ఫీజు కట్టలేక, ఫీజుకి బదులుగా స్టెన్సిళ్ళు కొట్టి కాపీలు తీస్తుంది. రద్దయిన పేపరే అయినా సోమవారం ఆమెది దిద్దించి చూస్తే బోలెడు మార్కులు. వెంటనే ఆమెని పిలిచారు. ఇంగ్లీషులో టైపు చేసిన వాంగ్మూలం మీద సంతకం పెట్టి వెళ్ళింది.

ఈ సాయంత్రం ఛైర్మన్‌గారు దాని మీద ఉత్తర్వు వేస్తారు. వేస్తే ఆమె మరి ఏ సర్కారు పరీక్షకీ కూర్చోడానికి లేదు. పైగా పోలీసు కేసు. వచ్చే నెలతో ఆమెకి వయసు కూడా దాటిపోతుంది కాబట్టి ఇవాళ తప్పించుకున్నా వచ్చే ఆదివారం పరీక్ష ఒక్కటే మిగిలింది.

నన్ను ఈ కేసులోకి దింపింది అచ్యుతరామయ్యగారే. నిన్న స్వయంగా నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. "నా శిష్యురాలండీ. బంగారం లాంటి పిల్ల. మీరే కాపాడాలి" అని కండువాతో కళ్ళొత్తుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఇంగ్లీషులో టైపు చేసిన ఒప్పంద పత్రం ముందు పెట్టారు. పెద్దమనిషి, పద్ధతిగల మనిషి అనుకుని సంతకం పెట్టిచ్చాను.

"శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?" అన్నాను గౌరీశ్వరితో. కాపీలు తీసింది శుక్రవారమేనని బోర్డు వాదన.

"సింహాచలం ఎల్లానండి. పరీచ్చకి ముందు అందరూ ఎల్తారు కదండి. హాల్‌టిక్కెట్టు సామి పాదాలకాడ ఎట్టించి, గుళ్ళో కప్పస్తంభం కావిలించుకుని మొక్కుకున్నాను."

"ఎవరు చూశారు?"

"అన్న ఉన్నాడు."

"అన్న కాకుండా?"

ఆలోచించింది. "అప్పన్న సామి సూసుంటాడండి" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

"మెషీను గది తాళంచెవి?"

"గురువారం సాయంత్రమే మాస్టారి సేతికిచ్చీసినాను. ఆరే అడిగి తీసుకున్నారు."

"మరి ఈ కాగితంలో ఇంకోలా ఉందేం? శుక్రవారం మధ్యాహ్నం నా దగ్గరున్న తాళంచెవితో గది తెరిచాను, మాస్టారికి తెలియకుండా స్టెన్సిల్ కొట్టాను, కాపీలు తీసి పంచాను అని."

గౌరీశ్వరి గబుక్కున తలెత్తింది. "అలగ నేదండి అందులో."

"ఉంది. బోర్డు వాళ్ళు నాకు తెలుగులో చెప్పారు. నువ్వు చదవలేదా?"

"సదివానండి!" రోషం వచ్చింది పిల్లకి. "ఆపీసరుగారు సదువుకోమన్నారు. సదివాకే సంతకం ఎట్టినాను."

"ఎలా చదివావు? చెప్పు."

"మాస్టారు సెప్పినట్టేనండి. ముందు ప్రశ్నలు సూసుకోవాల. తరవాత మొదటి పేరా, ఆఖరి పేరా. మజ్జిన సదువుకుంటూ కూకుంటే టైమయిపోద్ది. దీంట్లో ప్రశ్నలు నేవు కదండి. అంచేత మొదటిదీ ఆఖరిదీ సదివీసాను. మొదట్లో నా పేరు, మా ఊరు, కష్టపడి సదువుతాదని ఉంది. ఆకర్ని, దయతో మళ్ళీ పరీచ్చ రాయనివ్వండని ఉంది. రెండూ బాగున్నాయి. ఎట్టీసినాను."

నవ్వడానికి లేదు. ఆ పద్ధతి నాకు కొత్తదా? కానిస్టేబులుగా ఉన్నప్పుడు ప్రమోషను పరీక్షకని నేనూ అదే మాస్టారి సాయంత్రం బ్యాచిలో కూర్చున్నాను. ఇంగ్లీషు పేపరు నన్ను పదే పదే పడగొట్టింది. డిపార్టుమెంటు వదిలేసి డిటెక్టివు బోర్డు కట్టుకోడానికి సగం కారణం అదే. ఇప్పటికీ ఇంగ్లీషు కాగితం కనిపిస్తే నా కళ్ళు పైవరస మీంచి కిందివరసకి దూకేస్తాయి.

"నాకు ఇంగ్లీషు అర్థం కాలేదని ఒక్క మాట చెప్పు వాళ్ళకి" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "అలగంటే, ఇంగిలీసు రానిదానివి అన్ని మార్కులెలా తెచ్చుకున్నావు, పేపరు ముందే సూసావు కాబట్టే అంటారు. వచ్చునంటే తెలిసే సంతకం ఎట్టావంటారు. ఏటి సెప్పమంటారు సార్?"



* * *

బోర్డు విజిలెన్సు ఆఫీసరు జగ్గారావు. ఒకప్పుడు నేనూ అతనూ ఒకే స్టేషన్లో ఒకే బెంచీ మీద నిద్రపోయినవాళ్ళం. అతను ఇంగ్లీషు పేపరు గట్టెక్కాడు, నేను ఎక్కలేదు. అది గుర్తుచెయ్యకుండా అతనికి పూట గడవదు.

"ఏటి బావా, పిల్ల ఏడ్చిందా?" అన్నాడు నేను గదిలోకి రాగానే.

"ఆమెకి అందులో ఏముందో తెలీదు."

"ఆఖరి వరస చూడు. చదివి, అర్థం చేసుకుని, నా ఇష్టప్రకారం సంతకం చేశాను అని ఉంది."

"ఆ వరస చదవడం వచ్చినంత మాత్రాన..."

"అదే కదా పరీక్ష! అర్థం చేసుకోవడం. ఆ పేపర్లో ఆమెకి వచ్చిన మార్కులు చూశావా? కాన్వెంటు పిల్లలకి రాలేదు. అంత ఇంగ్లీషొచ్చిన పిల్లకి ఒక్క పేజీ కాగితం అర్థం కాలేదంటే నమ్మడానికి నేను చెవిలో పువ్వు పెట్టుకున్నానా?"

"శుక్రవారం ఆమె సింహాచలంలో ఉంది."

"సాక్షి?"

"అన్న."

"అన్న చెప్తాడు. అన్న కాక ఇంకెవరు చెప్తారు?" జగ్గారావు ఫైలు మూసి దాని మీద చెయ్యి పెట్టాడు. "ఛైర్మన్‌గారు సాయంత్రం వస్తారు. ఈలోగా ఏదైనా తెస్తే తే. సంతకాన్ని కొట్టేసేది తేవాలి బావా. జాలికథలు కాదు."

ఒళ్ళు మండింది. కాని అతనన్నదాంట్లో తప్పు పట్టుకోలేకపోయాను. అతని కుర్చీలో నేనున్నా ఆ మాటే అనేవాణ్ణి.

* * *

దొండపర్తిలో ట్యుటోరియల్ మేడమీద. మాస్టారు లేరు. ఊడ్చే అసిరమ్మ ఒక్కర్తే ఉంది. మాస్టారు తాళాలు ఆమెకిచ్చి వెళ్ళారు. "మీరు వత్తారని మాస్టారు సెప్పారు, సూడనియ్యమన్నారు" అని గది తీసింది.

ముందు అలమారా చూశాను. రెండు దొంతర్లు. ఒకదాని మీద ఉదయం బ్యాచి, ఇంకోదాని మీద సాయంత్రం బ్యాచి. ఉదయం వచ్చేవాళ్ళు ఆఫీసర్ల పిల్లలు, నిండు ఫీజు వాళ్ళు. సాయంత్రం వచ్చేవాళ్ళు పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్ళు. రెండు దొంతర్లలోనూ ఒకే ప్యాసేజీలు. ఉదయం వాళ్ళ కాగితం పైన, మొత్తం రెండుసార్లు చదవండి, మెలిక మధ్యలో ఉంటుంది అని సూచన. సాయంత్రం వాళ్ళ కాగితం పైన ఆ సూచన లేదు. మొదటి పేరా, చివరి పేరా అని మాత్రం ఉంది. కాసేపు ఆ రెండు కాగితాలూ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నన్ను కూర్చోబెట్టింది కూడా సాయంత్రం బ్యాచిలోనే.

తర్వాత మెషీను. తన పని ఎలా చేస్తుందో పొద్దున్న గౌరీశ్వరి నాకు వివరంగా చెప్పింది. కాపీలు తీశాక రోలరుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మైనం కాగితం చుట్టి, పైన పాత చీరముక్క కప్పుతుందట. చెయ్యకపోతే సిరా ఆరి పెచ్చుకడుతుంది, మర్నాడు కాపీలన్నీ మచ్చలే.

చీరముక్క మూలన మడిచినట్టే ఉంది. మైనం కాగితం లేదు. రోలరు మీద సిరా ఎండి అట్టకట్టింది. గోరుతో గీరితే పొరలుగా ఊడింది. పిడి మీద వేలిముద్దర్లలా నల్లటి మరకలు. పని తెలిసిన మనిషి ఇలా వదలదు. పని తెలియని మనిషెవరో, కంగారులో, తిప్పి వదిలేశాడు.

"అసిరమ్మా, ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"గౌరమ్మ వత్తాది. మాస్టారు రారు. సిరా అంటుకుంటాదని గుమ్మంకాడే నిలబడతారు."

"ఎప్పుడూ రాలేదా?"

చీపురు కింద పెట్టింది. గుమ్మం అవతలికి ఓసారి తొంగి చూసింది. 

"శనోరం పొద్దున్న నాను వచ్చీసరికి మాస్టారు పెరట్లో ఉన్నారు. కిరసనాయిలు అట్టుకురమ్మన్నారు. సేతులు నల్లగున్నాయి. ఏటండీ అంటే, పెన్ను కక్కీసినాదన్నారు."

"ఒక చేతికా?"

"రెండు సేతులకీ. మోసేతుల దాకా."

 కేసు చేతిలో పడింది అనుకున్నాను. అచ్యుతరామయ్య! బోర్డు లోపలి మనిషి ఎవడో పేపరు అందించి ఉంటాడు. తాళంచెవి అడిగి తీసుకుని, ఆ పిల్ల సింహాచలం వెళ్ళే రోజు చూసుకుని, ఆ రాత్రే కాపీలు తీసి, ఉదయం బ్యాచి వాళ్ళకి పంచాడు. కాగితం దొరికిపోయాక ఆ పిల్లని ముందుకు తోశాడు.

"ఈ మాట బోర్డులో వచ్చి చెప్పాలి అసిరమ్మా. ఇప్పుడే. రిక్షా పిలుస్తాను."

"నాను రానండి."

"ఆ పిల్ల బతుకు పోతుంది."

"నాకు తెల్దా బాబూ! నా సేతి అన్నం తిన్నాది ఆ గుంట." కొంగు నోట్లో కుక్కుకుంది. "మా ఓడికి పోర్టులో కలాసీ పని ఏయిత్తానన్నారు మాస్టారు. మూడేళ్ళుగా ఆరి ఎనకాల తిరిగితే ఇప్పటికి మాటిచ్చారు. ఆరి మీద నానెలా సెప్తాను? సెప్పినా, ఊడ్సుకునేదాని మాట ఆల్లు ఇంతారా? రేపు నా పనీ పోద్ది, మా ఓడి పనీ పోద్ది. గౌరమ్మకి ఉజ్జోగం వత్తాదా అంటే అదీ రాదు."

బతిమాలాను. కోప్పడ్డాను. చివరికి నేను దణ్ణం పెట్టబోతే వెనక్కి తగ్గి, ఆవిడే నాకు దణ్ణం పెట్టింది.

"ఆల్లొచ్చి అడిగితే నాను ఏటీ సూడనేదనీసి సెప్తాను బాబూ. నన్ను తిట్టుకోండి."

తిట్టుకోడానికి నాకు మనసు రాలేదు.

"మాస్టారు ఎక్కడికెళ్ళారు?"

"బోర్డు ఆపీసుకే. ఏదో కాయితం ఇచ్చీసి వత్తానన్నారు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచించాను. ఒక్కటి కొరుకుడు పడలేదు. నేరం చేసినవాడు, దొరకనివాడు, హాయిగా ఇంట్లో కూర్చోక డిటెక్టివుని ఎందుకు పెట్టుకుంటాడు? గది తెరిచి చూడనివ్వమని ఎందుకు చెప్తాడు?

* * *

గౌరీశ్వరి, తవిటయ్య అదే బల్ల మీద ఉన్నారు. తవిటయ్య ఆశగా లేచాడు. నేను ఆగకుండా జగ్గారావు గదిలోకి వెళ్ళి తలుపు తోశాను. అది సరిగా పడలేదు, ఓరగా ఉండిపోయింది.

"వాంగ్మూలం రాసిందెవరు?" అన్నాను.

"ఏటి ఆ కేకలు? కూర్చో."

"నువ్వు రాయలేదు. అంత మంచి ఇంగ్లీషు నీకూ రాదు. ఎవరు రాశారు?"

జగ్గారావు నొచ్చుకున్నాడు గాని దాచలేదు. "ఆ పిల్లకి ఇంగ్లీషులో చెప్పడం రాదంది. పెద్దమనిషి తోడొచ్చాడు కదా అని అచ్యుతరామయ్యగారినే రాసిపెట్టమన్నాం. పక్కగదిలో కూర్చుని టైపు చేసి తెచ్చారు. పాపం, శిష్యురాలి కోసం ఆ రోజు పొద్దంతా ఇక్కడే ఉన్నారు."

"తియ్యగా మొదలుపెట్టి, తియ్యగా ముగించి, విషం మధ్యలో పెట్టాడు. ఎందుకో తెలుసా? మధ్య పేరా ఆ పిల్ల చదవదని ఆయనకి తెలుసు. చదవద్దని నేర్పిందే ఆయన. ఈ బోర్డులో ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు బావా!"

తర్వాత అన్నీ చెప్పాను. తాళంచెవి, ఎండిన సిరా, కిరసనాయిలు, నల్లటి చేతులు. జగ్గారావు మొదటిసారి అడ్డు తగలకుండా విన్నాడు. అతని మొహంలో వెక్కిరింత తగ్గుతూ వచ్చింది.

"అసిరమ్మ వచ్చి చెప్తుందా?"

"చెప్పదు."

"ఊఁ." గడ్డం రుద్దుకున్నాడు. "నువ్వు చెప్పేది నిజమేనేమో అనిపిస్తోంది. మరి ఒకటి చెప్పు. నీ మాట నమ్మాలంటే దీన్నేం చెయ్యమంటావు?"

ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "మధ్యాహ్నం మాస్టారు ఇచ్చి వెళ్ళారు. నీ దర్యాప్తు నివేదిక."

నిన్నటి ఒప్పంద పత్రం. పైన నా పేరు, ప్రఖ్యాత పరిశోధకులు అన్న బిరుదు. అది నిన్న చదివాను, లోపల కొంచెం పొంగాను కూడా. కింద నా ఫీజు, కృతజ్ఞతలు. అదీ చదివాను. తేదీ మటుకు నిన్నటిది కాదు, ఇవాళ్టిది. మొదటిసారి మధ్యకి వచ్చాను. వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. గౌరీశ్వరిని నేను ఒంటరిగా ప్రశ్నించానట. తప్పంతా తనదేనని నా ముందు కన్నీళ్ళతో ఒప్పుకుందట. ట్యుటోరియల్ యజమానికి ఏ సంబంధమూ లేదని నా స్వతంత్ర దర్యాప్తులో తేలిందట.

 డిటెక్టివుని ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయనకి కావలసింది దర్యాప్తు కాదు, రెండో సంతకం. ఊళ్ళో ఇంతమంది డిటెక్టివులుండగా, కాగితం ఎలా చదువుతానో తనకి తెలిసిన నన్నే వెతుక్కుంటూ వచ్చాడు.

"పొద్దున్న నువ్వు ఆ పిల్లతో ఒక్కడివే మాట్లాడావు. మా గుమస్తాలంతా చూశారు" అన్నాడు జగ్గారావు.

"నేను చదవకుండా పెట్టాను బావా."

"ఛైర్మన్‌గారితో అను ఆ మాట. నేనే తీసుకెళ్తాను లోపలికి."

"పద. అంటాను."

"అన్నాక ఆయన ఏటంటాడు? చదవకుండా సంతకం పెట్టే మనిషి తెచ్చిన సిరా కబుర్లు, కిరసనాయిలు కబుర్లు నేనెందుకు వినాలి అంటాడు. చదివే పెట్టానంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే." అతని గొంతులో గెలిచిన సంబరం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఏటి చెప్తావో నువ్వే చెప్పు."

అవతల ఛైర్మన్‌గారి గదిలో గంట మోగింది. ప్యూను వచ్చి ఫైలు అడిగాడు.

తలుపు ఎప్పుడు తెరుచుకుందో నేను చూడలేదు. గౌరీశ్వరి లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడి ఉంది. మా మాటలు ఎంతవరకు విందో తెలీదు. నా చేతిలో కాగితం మెల్లగా తీసుకుంది. జగ్గారావు వారించబోయి ఊరుకున్నాడు.

ఈసారి ఆమె పై పేరా చూడలేదు. కింది పేరా చూడలేదు. తిన్నగా మధ్యకి వెళ్ళింది. పెదవులు కదుపుతూ, నాకంటే త్వరగా, ఎక్కడా తడుముకోకుండా చదివింది. ఒక్క మాట కూడా ఆమెకి అర్థం కాకుండా పోలేదు. అది మొహం మీదే కనిపించింది.

చదవడం అయ్యాక కాగితం కిందకి చూసి, తలెత్తి నా వైపు చూసింది.

"ఈ సంతకం మీదేనాండి?"

గుమ్మంలో తవిటయ్య నిలబడి ఉన్నాడు. పొద్దున్నలాగే చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"నాదేనమ్మా" అన్నాను.